ఆ పిల్ల చేతి తాయెత్తు

మొన్న మెట్రో స్టేషన్‌లో మోకాళ్ళ నొప్పికి కాసేపు ఆగి నిలబడితే ఎదురుగా గోడంత ప్రకటన కనిపించింది. నలుగురు యువతీయువకులు పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతున్నారు, కింద మనసు విప్పి మాట్లాడండి, సిగ్గుపడకండి అని కన్నడంలో పెద్ద అక్షరాలు. మంచి మాటే. అయినా నాకు ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళ వకీలు వృత్తిలో సిగ్గుపడి నోరు విప్పని పేదవాళ్ళను నేను పెద్దగా చూడలేదు. చెప్పుకుందామని వచ్చి, తాళం వేసిన గది ముందు కూర్చుని కూర్చుని వెళ్ళిపోయినవాళ్ళను మాత్రం చాలామందిని చూశాను. నా ఈడువాళ్ళకైనా ఈ మంట అర్థమవుతుందని రాస్తున్నాను.

మానసిక చికిత్స ప్రతి మనిషికీ హక్కు అని కొత్త చట్టం వచ్చిన రోజులవి. అప్పటికే నా తల నెరిసింది, పెద్ద కేసులు వదిలేసి పేదవాళ్ళవి ఉచితంగా చూస్తుండేదాన్ని. కదిరి వైపు నుంచి కట్టడం పనికి వచ్చిన ఒక తల్లి, పదిహేడేళ్ళ కూతురిని వెంటబెట్టుకుని నా దగ్గరికి వచ్చింది. కళ్ళముందే అన్న కట్టడం మీది నుంచి పడి చనిపోయాక ఆ పిల్ల మాట మానేసింది, తిండి మానేసింది, ఒకరోజు అదే కట్టడం ఎక్కి అంచున కూర్చుంటే మేస్త్రీ చూసి లాక్కొచ్చాడట. ఊరి శివార్లలో వాళ్ళుండే చోటికి దగ్గర్లోనే సర్కారు ఆస్పత్రి ఉంది. దాని పేరు రాయను, రాస్తే తప్పు ఆ ఒక్కదానిదే అనుకుంటారు. అక్కడ మనోవైద్యుడికి గది ఉంది, గదికి బోర్డు ఉంది, వైద్యుడు మాత్రం లేడు. నగరంలోని పెద్దాస్పత్రికి తీసుకుపోదామంటే బస్సులో జనాన్ని చూసి పిల్ల వణికిపోయి మధ్యలోనే దిగిపోయేది, ప్రతిసారీ ఆటోకు పెట్టే డబ్బు వాళ్ళ దగ్గర లేదు. ఆ గదిలోకి వైద్యుడు రాకపోతే పిల్ల దక్కదని తల్లికీ తెలుసు, నాకూ తెలుసు. సర్కారు సేవల మీద ఫిర్యాదులు వినే శాశ్వత లోక్ అదాలత్‌లో ఫిర్యాదు వేశాం.

విచారణ రోజు తల్లీకూతుళ్ళను నేనే ఆటోలో తీసుకొచ్చాను. ప్రభుత్వ వకీలు లేచి, అయ్యా, వీళ్ళకు వైద్యుల మీద నమ్మకమే లేదు, కావాలంటే ఆ అమ్మాయి చేతికున్న తాయెత్తు చూడండి, రేపు వైద్యుడిని వేసినా ఎవరూ రారు అని వాదించాడు. అలా చెయ్యి చాపి చూపిస్తున్నప్పుడు నల్లకోటు వెనక్కి జరిగి ఆయన మణికట్టు బయటపడింది. దానికి ఏదో గుడిలో కట్టించుకున్న ఎర్రదారం ఉంది. ఏడాది ముందే ఆయన పేరున్న ఆస్పత్రిలో గుండెకు చికిత్స చేయించుకున్న సంగతి కోర్టులో అందరికీ తెలుసు. ఆ దారం చూసి మీ గుండె డాక్టరు మిమ్మల్ని వెనక్కి పంపలేదు కదా అని అడిగేశాను. ఆయన చెయ్యి దించుకున్నాడు.

ఈ నగరంలోనే, బళేపేటలో మా నాన్నకు గాజుల కొట్టు ఉండేది. మా మేనత్త పురిటి తరువాత గోడవైపు తిరిగి పడుకుని బిడ్డను కూడా ముట్టుకోకపోతే, నాయనమ్మ తాయెత్తు కట్టింది, నాన్న కారు మాట్లాడి పెద్దాస్పత్రికీ తీసుకుపోయాడు. మా ఇంట్లో రెండూ జరిగాయి. మేనత్త కోలుకుని, మళ్ళీ ఆ కొట్టులోనే కూర్చుని పెళ్ళికూతుళ్ళ చేతులకు గాజులు తొడిగింది. తాయెత్తు కట్టుకున్నావు కాబట్టి నీకు డాక్టరెందుకు అని ఆమెను ఎవరూ అడగలేదు, మాకు నాలుగు డబ్బులున్నాయి కాబట్టి.

ఆ రోజు కోర్టులో న్యాయమూర్తి, తాయెత్తు ఎందుకు కట్టించిందో ఆ తల్లినే అడగమని నాకు చెప్పారు. ఆమె చెప్పింది నేను కన్నడంలోకి మార్చి వినిపించాను కానీ, నా చెవిలో ఉన్నది మాత్రం ఆమె మాటే: "డాక్టరు రూముకు ఎప్పుడు పోయినా బీగం ఏసే ఉండాది సామీ. తాయెత్తు కట్టే ఆయప్ప పిలిస్తే పలుకుతాడు. బిడ్డ బువ్వ తినకుండా పండుకోనుంటే, ఎవురు వాకిలి తీస్తే వాళ్ల తావకే కదా పొయ్యేది?"

గెలిచాం. వారానికి రెండు రోజులు వైద్యుడు రావడం మొదలైంది. కొన్ని నెలలకు ఆ పిల్ల, పులుసులో ఉప్పెక్కువైందని తల్లిని కసిరిందట. ఆ సంగతి చెప్పడానికి తల్లి నా దగ్గరికి పరుగెత్తుకుంటూ వచ్చి ఏడ్చేసింది, నేనూ ఏడ్చాను. తరువాతి ఏడాది వైద్యుడికి బదిలీ అయింది, ఆయన చోటికి ఎవరినీ వేయలేదు. మళ్ళీ ఫిర్యాదు వేస్తే నియామకం పరిశీలనలో ఉందన్నారు. నేను విసిగి, అరిచి, మళ్ళీ మళ్ళీ తిరిగినా అదే జవాబు. మందులు అయిపోయాయి, పిల్ల మళ్ళీ మూగబోయింది. జనం ఉండని తొలి బస్సుకు ఊరికి వెళ్ళిపోతున్నామని కబురు పెడితే బస్టాండుకు పరుగెత్తాను. పిల్ల రెండో చేతికి కొత్త తాయెత్తు ఉంది. నన్ను చూడగానే ఆ తల్లి, నేను తిడతానని కాబోలు, గబగబా పిల్ల చేతిని కొంగుతో కప్పేసింది. తిట్టడానికి నాకు నోరెక్కడిది? ఆ తరువాత వాళ్ళేమయ్యారో నాకు తెలియదు.

మా మేనత్త జబ్బు గురించి ఆ రోజుల్లో ఇంట్లో గుసగుసగా తప్ప మాట్లాడుకునేవాళ్ళం కాదు, పక్కింటివాళ్ళకు తెలిస్తే పరువు పోతుందనుకునేవాళ్ళం. ఇప్పుడు గోడల మీదే రాసి పెడుతున్నారు, పిల్లలు ధైర్యంగా మాట్లాడుతున్నారు, అది చూసి సంతోషపడాల్సిన వయసే నాది. కానీ సిగ్గుపడకండి అన్న ఆ అక్షరాల ముందు నిలబడితే నాకు ఆ బస్టాండే కళ్ళముందు మెదిలింది. కొంగు కప్పుకోవలసింది ఆ తల్లి కాదు.