మాస్టరు సుద్ద అంకెలు

మా అక్క భర్తను అందరూ మాస్టరు అనేవారు. బడి మాస్టరు కాదు, కటింగ్ మాస్టరు. మూడు మిషన్లున్న దర్జీ దుకాణంలో నలభై ఒక్క ఏళ్లు నిలబడి గుడ్డ కత్తిరించారు. ఒక్క గుడ్డ కూడా పాడు చేయలేదు. ఆ మాట ఆయన ఎప్పుడూ చెప్పుకోలేదు. మిషన్ల మీద కూర్చునేవాళ్లు చెప్పేవారు, అదీ కాస్త విసుగ్గా. ఎందుకంటే ఒక్క చొక్కాకి ఆయన మూడుసార్లు కొలిచేవారు. ఒకసారి టేపుతో, ఒకసారి జానతో, ఒకసారి ఊరికే చూసి.

గ్రంథాలయంలో నా ఉద్యోగం అయిపోయాక పగళ్లు పొడుగైపోయాయి. పొద్దున ఆయనతో కలిసి నడిచేవాణ్ణి. తర్వాత దుకాణంలో కిటికీ పక్కన పుస్తకం పట్టుకుని కూర్చునేవాణ్ణి. ఇద్దరం పెద్దగా మాట్లాడుకునేవాళ్లం కాదు. ఇద్దరికీ అదే హాయిగా ఉండేది.

ఆయనకు ఏ అలవాట్లూ లేవని అక్క గర్వంగా చెప్పేది. నిజానికి అలవాటు తప్ప ఆయనకు ఇంకేమీ లేదు. సిగరెట్టు ముట్టలేదు. వయసులో ఉండగా ఒకసారి కాఫీ తాగితే ఆ రాత్రి నిద్ర పట్టలేదట, మళ్లీ దాని జోలికి పోలేదు. రోజూ అదే దారి, దారిలో అదే పక్క. పైపుల కోసం ఆ రోడ్డు తవ్వినన్నాళ్లూ పక్క వీధిలోంచి వెళ్దామంటే వద్దని, నడకే మానేశారు.

"ఈయన్ని కట్టుకోవడమూ గోడ గడియారాన్ని కట్టుకోవడమూ ఒకటేరా తమ్ముడూ," అనేది అక్క. "గడియారమైతే గంటకోసారైనా నోరు విప్పుతుంది."

ముందు మారినవి సుద్ద అంకెలు. గుడ్డ మూలన ఆయన కొలతలు వేసేవారు, బొటనవేలంత అంకెలు. అవి చిన్నవవుతూ వచ్చాయి. రెండో మిషనావిడ, ఆయన దగ్గర ఇరవై ఏళ్లుగా కుడుతున్న మనిషి, ఒకరోజు కళ్లద్దాలు పైకి తోసి గుడ్డని కిటికీ దగ్గరికి తెచ్చింది.

"మాస్టరుగారూ, భూతద్దం ఒకటి కొనిపెట్టండి. సుద్ద దగ్గర కూడా ఇంత పొదుపా?"

ఆయన చేత్తో తుడిచి మళ్లీ వేశారు. మొదటి అంకె పెద్దదిగానే పడింది. చివరిదానికి వచ్చేసరికి మళ్లీ చీమంత.

ఇంకోరోజు పనికిరాని లైనింగు ముక్క మీద ఇస్త్రీపెట్టె వేడి చూస్తున్నారు. కమురు వాసనకి మూడు మిషన్లూ ఆగిపోయాయి. ముక్క నల్లబడుతుంటే ఆయన పెట్టె మీద చెయ్యి వేసి అలాగే నిలబడి ఉన్నారు.

"వాసన రాలేదా మాస్టరుగారూ?"

"లేదే."

"ఏ లోకంలో ఉన్నారో," అని నవ్వేసి ఆవిడ మళ్లీ తొక్కడం మొదలుపెట్టింది. నేను పేజీ తిప్పాను.

ఇంట్లో అక్కకి ఆయన మొహం అర్థం కాలేదు.

"నా మీద కోపమొచ్చిందా?"

"లేదు."

"మరి ఆ మొహమేంటి?"

"మొహం ఇదే కదా."

నిజమే అనిపించింది మాకు. ఎప్పుడు నవ్వారని ఇప్పుడు నవ్వడానికి? నిదానం పెరిగితే వయసుతో వచ్చే నిదానమనుకున్నాం. మాట తగ్గితే అసలే మాట్లాడని మనిషనుకున్నాం. నడిచేటప్పుడు ఆయన ఎడమ చెయ్యి ఊగడం మానేసింది. అది నేను చూశాను. ఆయనకు ఎడమ పక్కనే నడిచేవాణ్ణి, చూడకుండా ఎలా ఉంటాను? చెయ్యి ఊపడం కూడా దండగనుకున్నారేమో అనుకున్నాను. అలా రెండేళ్లు నడిచాం.

చివరికి తన చొక్కా బొత్తాం తానే పెట్టుకోలేకపోయారు. అక్క పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టారు. మర్నాడు ఆవిడ ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్లింది. నేనూ వెళ్లాను.

డాక్టరమ్మ ఆయన్ని నడవమంది, వేళ్లు తట్టమంది, ఒక వాక్యం రాయమంది. వాక్యం చివరికొచ్చేసరికి అక్షరాలు కనబడలేదు. పార్కిన్సన్స్ అంది, మనిషిని నిదానం చేసి చేతులు వణికించే జబ్బట; వాసన తెలియకపోవడం, మొహం బిగుసుకోవడం కూడా అందులోవేనంది. ఆ తర్వాత పొడుగాటి కాగితం తీసి ప్రశ్నలు అడిగింది. ఇలాంటి రోగులందరి దగ్గరా రాసుకుంటున్నాం అంది.

"సిగరెట్టు?"

"లేదమ్మా," అంది అక్క.

"కాఫీ?"

"వాసన కూడా పడదు."

"ముందు నుంచీ జాగ్రత్త మనిషా? అప్పటికప్పుడు అనుకుని ఏదైనా చేసేవారా?"

మాస్టరు ఆలోచించి, "పెళ్లికి ఒప్పుకున్నాను," అన్నారు.

"అదీ ఏడాది తిప్పించుకుని," అంది అక్క.

డాక్టరమ్మ నవ్వింది. ఆవిడ రాసుకుంటుంటే అక్క మెల్లగా అడిగింది, ఇవన్నీ ఎందుకని. పొగతాగేవాళ్లలో, కాఫీ తాగేవాళ్లలో ఈ జబ్బు కొంచెం తక్కువగా కనబడిందని, ఎందుకో ఇంకా తేలలేదని ఆవిడ చెప్పింది. అలాగని ఎవరినీ పొగతాగమనడానికి లేదంది. కొత్తవాటి జోలికి పోని జాగ్రత్త మనుషుల్లో ఎక్కువని కొందరంటారట. ఆ జాగ్రత్త జబ్బుకి దారి తీసిందో, ఎన్నో ఏళ్ల ముందే మొదలైన జబ్బే మనిషిని అలా చేసిందో చెప్పలేమంది. ఒక్క మనిషిని చూసి అసలే చెప్పలేమంది.

"అయితే బుద్ధిగా ఉండటమే తప్పయిందా?" అంది అక్క.

"తప్పు ఎవరిదీ కాదమ్మా."

నేను మాత్రం జబ్బే మనిషిని అలా చేసిందేమోనన్న మాట పట్టుకుని కూర్చున్నాను. నలభై ఏళ్లుగా నాకు తెలిసిన మనిషిలో ఆయన ఎంత, జబ్బు ఎంత?

మాస్టరు అడిగింది ఒకటే. "కత్తెర పట్టొచ్చా?"

"మందులతో కొన్నాళ్లు పట్టొచ్చు. ఎప్పుడు ఆపాలో మీకే తెలుస్తుంది."

బయట మెట్ల మీద ఆయన నా భుజం పట్టుకున్నారు. "నాకు తెలుస్తుందని ఆవిడంటోంది. నాకు వాసనే తెలియలేదు. నువ్వు అక్కడే కూర్చుంటావుగా, నువ్వు చెప్పు. గుడ్డ పాడవకముందే చెప్పు."

"సరే బావా," అన్నాను.

మందులతో పది నెలలు గడిచాయి. రోజూ పుస్తకం తెరిచి పెట్టుకుని ఆయన చేతుల్నే చూసేవాణ్ణి. వణికే చెయ్యి కత్తెర పట్టగానే కుదురుకునేది. రెండుమూడు సార్లు చెప్పాలనిపించింది, ఇంకో వారం చూద్దామనుకున్నాను.

ఆ రోజు ప్లీడరుగారి కోటు గుడ్డ బల్ల మీద ఉంది. నల్లటి ఉన్ని గుడ్డ. మూడుసార్లు కొలిచి, గీత గీసి, కత్తెర తెరిచి గుడ్డ అంచున ఆనించారు. అక్కడ ఆగారు. మిషన్లు నడుస్తూనే ఉన్నాయి.

"మాస్టరుగారు నాలుగోసారి కొలుస్తున్నట్టున్నారు," అంది రెండో మిషనావిడ, తల ఎత్తకుండానే. పక్కావిడ నవ్వింది.

కత్తెర తెరిచే ఉంది. వేళ్లు మూసుకోవడం లేదు. ఆయన కళ్లు గుడ్డ మీద లేవు, నా మీద ఉన్నాయి. మొహంలో ఏమీ లేదు, ఎప్పటిలాగే. నేను పుస్తకం మూసి బల్ల దగ్గరికి వెళ్లాను.

"చాలు బావా."

"ఆ మాట కోసమే చూస్తున్నాను," అన్నారు. "చెయ్యి రావడం లేదు."

ఒక్కో వేలూ విడిపించి కత్తెర తీసుకున్నాను. ఇంత బరువుంటుందని తెలియదు. రెండో మిషనావిడ అప్పటికే లేచి నిలబడింది. ఆయన ఆవిడకేసి తల ఊపారు. కత్తెర ఆవిడకిచ్చాను.

"గీత మీదా, గీత బయటా?" అని అడిగింది.

"బయట."

గుడ్డ జరక్కుండా ఆయన అరచెయ్యి ఆనించారు. చేతితో పాటు గుడ్డ కూడా వణికింది. చెయ్యి తీసేసి, చల్లారిన ఇస్త్రీపెట్టె తెచ్చి బరువు పెట్టమని నాకు చెప్పారు. పెట్టాను. ఆవిడ కత్తిరించింది. ఆయనకన్నా చాలా తొందరగా కత్తిరించింది. గుడ్డ పాడవలేదు.

సాయంత్రం ఎప్పటి దారిలోనే ఇంటికి నడిచాం. మలుపులో కాఫీ కొట్టు ఉంది. ఏం మాట్లాడాలో తెలియక, "కాఫీ తాగుతారా బావా?" అన్నాను.

ఆయన ఆగి, కొట్టుకేసి కాసేపు చూశారు.

"వద్దులే," అన్నారు. "నిద్ర పట్టదు."