ఒక్క మనిషి దుంగ

నన్ను కన్న అవ్వను ప్లాస్టిక్ డప్పులతో సాగనంపారు. శ్రావణమాసం, మూడు రోజులుగా ముసురు. వానకు తోలు డప్పు మెత్తబడి పలకదు కనుక పోచయ్య మామ జట్టు ప్లాస్టిక్ బిగించిన డప్పులు తెచ్చింది. వాళ్ల తప్పేమీ లేదు. సిద్దిపేటలో అప్పటికే చాలామంది అవే వాడుతున్నారు. బాపు మాత్రం ఆమెను పూడ్చే బొందల గడ్డ దాకా తల ఎత్తకుండా నడిచాడు. ముప్పై ఏళ్లు తోలు పట్టిన మనిషి ప్లాస్టిక్ చప్పుడు మీద పోయిందని ఆ తర్వాత ఒక్కసారే అన్నాడు. ఏడాది నాటికి ఒక తోలు డప్పు చేసి బొంద దగ్గర తనే కొడతానని కూడా అప్పుడే అన్నాడు.

బాపు పేరు రాజమల్లయ్య, అవ్వ కొండవ్వ. చేర్యాల రోడ్డు పక్క గల్లీలో రెండు గదుల ఇల్లు, వెనక కొంచెం జాగ. డప్పు కోసం మేకతోలు గీకడం మా ఇంట్లో ఇద్దరి పని. బాపు పీట మీద కూర్చుని, తోలును ఒక మొద్దు మీద పరిచి, రెండు చేతులతో మొండికత్తి పట్టి కండా కొవ్వూ గీకేవాడు. అవ్వ ఎదురుగా తన పీట మీద కూర్చుని రెండో కొస లాగి పట్టేది. కత్తి ఎటు పోతుందో ఆమె చేతులకు ముందే తెలిసేది. పని నడుమ వాళ్లు మాట్లాడుకోగా నేను వినలేదు, "పట్టు" అన్న ఒక్క మాట తప్ప.

ఇదంతా నేను దూరం నుంచి చూసిందే. ఆరో తరగతిలో పక్కన కూర్చున్న అమ్మాయి నన్ను వాసన చూసి బెంచీ మారింది. ఆ సాయంత్రం అవ్వ తోళ్లు నానబెట్టే సున్నంలోంచి గుప్పెడు తీసి, వెనక జాగకు అడ్డంగా గీత పోసింది.

"తోలు పని ఉన్నన్ని రోజులు గిది దాటకు బిడ్డా. నీ చేతులకు గీ వాసన అంటొద్దు."

నేను చదువు ముగించి, బడిలో పంతులమ్మనయ్యాక కూడా ఆమె ప్రతిసారీ ఆ గీత పోస్తూనే ఉంది. నేను దాటలేదు.

అవ్వ పోయి ఏడాది కావడానికి ఇంకా పద్దెనిమిది రోజులు ఉందనగా బాపు మేకతోలు తెచ్చాడు. ఇప్పుడు తోళ్లు కొనేవాళ్లు లేరు, మటన్ దుకాణమాయన ఉత్తగనే ఇచ్చాడట. పాత మొద్దు ముందు, పాత పీట మీద కూర్చున్నాడు. నేను వంటింట్లో ఉన్నాను. "పట్టు" అని వినబడింది. కిటికీలోంచి చూస్తే ఎదుట ఎవరూ లేరు. కాసేపటికి మళ్లీ అన్నాడు. మూడోసారి అన్నప్పుడు తోలు జారి, కత్తి దిగి, నడిమధ్యన అరచేయంత చిల్లు పడింది.

నేను పట్టుకుంటానని గడపలోకి వచ్చాను. బాపు తల ఎత్తలేదు.

"మీ అవ్వ గీత పోసింది గద."

ఆ గీత నిరుటి వానలకే కొట్టుకుపోయింది. అయినా నేను గడప దగ్గరే ఆగిపోయాను.

మర్నాటి నుంచి పాత మొద్దుకు బదులు ఒక దుంగ చేయడం మొదలుపెట్టాడు. గల్లీలో మురుగునీటి మోరీ వేసినప్పుడు మిగిలిన లావుపాటి పైపు ముక్క, మనిషంత పొడవుది, గోడ వెంట పడి ఉండేది. దానిలోకి వేపకొమ్మ ఒకటి దిగగొట్టాడు, ఊగకుండా. పాత సామాన్ల దుకాణంలో విరిగిన బెంచీ కాళ్లు రెండు దొరికితే ఒక కొస కింద బోల్టులతో బిగించాడు. రెండో కొస నేల మీద ఆనింది. ఎత్తు కొస సరిగ్గా ఆయన బొడ్డు దగ్గరికి వచ్చేలా కాళ్లు కోశాడు. తోలు కొసను ఆ దుంగకూ తన కడుపుకూ మధ్య అదిమి పట్టి, నిలబడి, ముందుకు గీకాలి. రెండో మనిషి అక్కర్లేదు.

పోచయ్య మామ వచ్చి దాని చుట్టూ తిరిగి చూశాడు.

"గిదేంది బావా, ఫిరంగా? ఎవలింటి మీదికి పేలుస్తవ్?"

"నీ ప్లాస్టిక్ డప్పు మీదికే."

మామ నవ్వాడు. తర్వాత దుంగ కింది కొస వైపు చూసి, నవ్వు ఆపి, చాయ్ కూడా తాగకుండా పోయాడు. బాపు ఆ కొసకూ వెనక గోడకూ నడుమ ఒక మనిషి కూర్చునేంత జాగ వదిలాడు. అవ్వ పీట కూడా అక్కడే ఉంది.

మళ్లీ ఒక తోలు తెచ్చి, యూరియా బస్తా నడుముకు కట్టుకుని దుంగ మీదికి వంగాడు. కత్తి తోసిన ప్రతిసారీ దుంగ ముందుకు జారింది. రాయి అడ్డం పెడితే రాయి జారింది. గోడకు ఆనిస్తే తప్ప అది నిలవదని ఇంట్లోంచి చూస్తున్న నాకే తెలుస్తోంది. బాపుకు తెలియక కాదు. తోలు చెడిపోకుండా ఉప్పు పట్టించి మడిచి పెట్టాడు. ఆ పూటంతా గడప మీద కూర్చున్నాడు. నేను అన్నం పెడితే రెండు ముద్దలు తిని లేచాడు.

తెల్లారి నేను బడికి బయల్దేరేసరికి దుంగ గోడకు ఆని ఉంది. పీట ఇంట్లో, అటక మీద ఉంది.

అప్పటి నుంచి పని సాగింది. కండ గీకాడు, నాలుగు రోజులు సున్నపు నీళ్లలో నానబెట్టాడు, అదే దుంగ మీద వెంట్రుకలు గీకాడు. మళ్లీ "పట్టు" అన్న మాట వినబడలేదు. నేను బడి నుంచి వచ్చేసరికి కత్తి చప్పుడు ఒక్కటే వినిపించేది.

చివరికి తడితోలును చెక్క వలయం మీద బిగించే రోజు వచ్చింది. చింతగింజల జిగురు రాసి, ఒక కొసను కిటికీ ఊచకు తాడుతో కట్టి, రెండో కొస తను లాగాడు. ఒకవైపు బిగిస్తే మరోవైపు ముడత పడింది. ఊడదీసి మళ్లీ లాగాడు. జిగురు ఆరిపోతోంది. నేను గడపలోనే నిలబడి ఉన్నాను. చాలాసేపటికి నా వైపు చూశాడు.

"మీ అవ్వ ఏమన్న అనుకుంటదా బిడ్డా?"

ఏమీ అనుకోదన్నాను. వెళ్లి, ఎదుట కూర్చుని పట్టాను. అంత గట్టిగా కాదని, చేతులు వదులుగా పెట్టుకుని తోలు ఎటు పోతే అటు పోవాలని చెప్పాడు. నాకు రాలేదు. అయినా ముడత పోయింది.

ఏడాది నాడు కూడా ముసురే. బొంద పక్కన తడకల చాటున గడ్డి మంట వేసి డప్పు కాచాడు. మొదటి దరువు ఖంగున పలికింది. మూడో దరువుకు వాన ఎక్కువై తోలు మెత్తబడింది. మళ్లీ కాద్దాం ఆగమని పోచయ్య మామ అన్నా ఆగలేదు. దుప్పటి దులిపినట్టు వస్తున్న ఆ చప్పుడునే, దరువు తప్పకుండా, చివరిదాకా కొట్టాడు.

బాపు మరో డప్పు చేయలేదు. పోయిన చలికాలం ఆయనా పోయాడు. వాన లేదు. పోచయ్య మామ అదే డప్పును మంటకు కాచి కొట్టాడు. ఖంగుమని పలికింది.

దుంగ ఇంకా గోడకు ఆనే ఉంది. నాకు అవ్వ పోలిక, పొట్టి. నిలబడితే దాని ఎత్తు కొస నా రొమ్ముకు తగులుతుంది. కాళ్లు జానెడు కోస్తే నాకు సరిపోతుంది. రంపం వంటింటి గోడకు వేలాడుతోంది. ఇంకా కోయలేదు.