అక్క పేరున తీసిన వాగ్దానం

మీ ఇంటి మనిషి మేలు కోసం మీరెప్పుడైనా ఆ మనిషి నమ్మే దేవుడి సంతకాన్ని ఫోర్జరీ చేశారా?

నేను చేశాను. ఏళ్ల తరబడి ఆ బరువు మోశాను. మా అక్క దిగులుగా ఉన్నప్పుడు కాదు, నవ్వినప్పుడే అది నాకు ఎక్కువగా తెలిసేది. ఆమె నవ్వుతూనే ఉంటుంది. అదే నా ఇబ్బంది.

నేను హేతువాదిని. ఇప్పటికీ అంతే. నిమ్మకాయ కోస్తే రక్తం ఎలా కారుతుందో చిత్తూరు జిల్లా ఊళ్లలో బడిపిల్లల ముందు చేసి చూపించినవాణ్ణి. ప్రార్థన చేసిన నూనె సీసాల మీద వ్యాసాలు రాసి, చిన్నప్పుడు నన్ను ఎత్తుకు తిరిగిన చర్చివాళ్ల చేతే తిట్లు తిన్నవాణ్ణి. మంచి కోసం చేసినా మోసం మోసమేనని వేదికలెక్కి గొంతు చించుకున్నవాణ్ణి.

అక్క ఎస్తేరుది కార్వేటినగరం. ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. బావ నాయుడుపేట దగ్గర ఫ్యాక్టరీలో పని చేస్తూ వారానికోసారి వస్తాడు. ఒక ఏడాది వానాకాలం తర్వాత అక్క మిషను మీద దుప్పటి కప్పేసింది. కుట్టాల్సిన గుడ్డలు పేరుకుపోయాయి. తల దువ్వుకోవడం మానేసింది. గోడ వైపు తిరిగి పడుకునేది. కారణం వెతికాం. దొరకలేదు. అప్పుకీ, చావుకీ మాత్రమే మనిషి ఏడవాలని మనం అనుకుంటాం కాబట్టి దొరకలేదు.

ఆ రోజుల్లోనే పొరుగూరి నుంచి వచ్చిన ఒక బోధకుడు సభలో గర్జించాడు. దిగులంటే విశ్వాసం లేకపోవడమట. దానికి మాత్ర మింగితే దేవుణ్ణి నమ్మనట్టేనట. అక్క ఆ మాటను తీర్పులా ఇంటికి తెచ్చుకుంది. ఇది జబ్బు, దీనికి మందుంది అని నేను వాదించాను. మెదడు గురించి ఉపన్యాసమే ఇచ్చాను. ఆమె గోడతో మాట్లాడినట్టు అంది: "నీ దగ్గిర అన్నిటికీ జవాబుండాది రా. నాకు జవాబులొద్దు." ఇంకో రోజు, తాను లేకపోతే మాకందరికీ బాగుంటుందని చాలా మామూలుగా అంది. ఆ మామూలుతనానికి భయపడి నేను ఆమె ఇంట్లోనే మకాం పెట్టాను.

మా చర్చిలో కొత్త సంవత్సరం పొద్దున ఒక ఆచారం ఉంది. బైబిలు వాక్యాలు అచ్చేసిన చిన్న కార్డులను చుట్టి, ఎర్రదారం కట్టి, తాంబాళంలో పోస్తారు. ఒక్కొక్కరు ఒకటి తీసుకుంటారు. ఆ ఏడాదికి దేవుడు వాళ్లకిచ్చిన వాగ్దానం అది. రాలేనివాళ్ల పేరున ఇంట్లోవాళ్లు తీసుకెళ్లొచ్చు. "నాకు లేసేదానికి కాదు. నా పేరు చెప్పి నువ్వే తీసుకోని రా" అంది అక్క. నాస్తికుడి చేతికి తన ఏడాదినంతా అప్పజెప్పింది. అంత నమ్మకం నా మీద ఎవరూ పెట్టలేదు.

నేనేం చేశాను? ముందురోజే పుత్తూరులో స్నేహితుడి డీటీపీ షాపుకు వెళ్లాను. జబ్బుపడినవాళ్లకే వైద్యుడు కావాలని యేసు అన్న మాట ఒకటుంది. అది కార్డు మీద వేయమన్నాను. వాడు నన్ను ఎగాదిగా చూశాడు. "ఏందప్పా, మారుమనసు పొందినావా? సరే, పావురం పెట్టేదా, గులాబీ పెట్టేదా?" రెండూ పెట్టమన్నాను. సిగ్గుపడ్డానా? పడ్డాను. కానీ ఆ పని నాకు సరదాగా కూడా అనిపించింది. ఇంతకాలం నేను బయటపెట్టిన గారడీవాళ్ల సరదా ఏమిటో ఆ రోజు అర్థమైంది.

తెల్లవారి ఆరాధనలో తాంబాళం నా ముందుకొచ్చింది. అక్క పేరు చెప్పి ఒకటి తీశాను. "నీ పేరున గూడా ఒకటి తీస్కోప్పా, కరవదులే" అన్నారు ముసలి పాస్టరుగారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. బయట వీధి మలుపులో జనం చలిమంట కాచుకుంటున్నారు. నేనూ చేతులు చాచాను. దారం కూడా విప్పకుండా అక్క కార్డును ఆ మంటలో వదిలేశాను. నేను అచ్చేయించి, చుట్టి, ఎర్రదారం కట్టుకున్న కార్డును జేబులోంచి తీసి పిడికిట్లో పట్టుకున్నాను.

దారం ఎందుకు విప్పలేదు? ఈ ప్రశ్న నన్ను ఇప్పటికీ వదలదు. దొంగ కార్డు ఇవ్వడం ఒక తప్పు. దాన్ని నేను సమర్థించుకోగలను, ఆమె ప్రాణం కోసమని. కానీ చదవకుండా కాల్చడాన్ని ఏమని సమర్థించుకోను? చదివితే నా మనసు మారుతుందేమోనని భయపడ్డాను. ఆ కార్డులో పనికొచ్చేది ఏమీ ఉండదని విప్పకముందే తేల్చేశాను. ఆధారం చూడకుండా తీర్పు చెప్పేవాణ్ణి నేను జీవితమంతా ఏమని పిలిచానో నా పాఠకులకు తెలుసు.

అక్క మంచం మీదే కార్డు విప్పింది. చాలాసేపు చూసింది. "రేయ్, దీంట్లో డాక్టరు అని ఉండాది రా. యేసయ్యే పొమ్మంటా ఉండాడు గదా." పోదామా అన్నాను. "ఉండు, తల దువ్వుకుంటా" అంది.

ఆ దువ్వెన చప్పుడు కంటే మంచి సంగీతం నేను వినలేదు.

తిరుపతిలో పెద్దాసుపత్రికి వెళ్లాం. డాక్టరమ్మ మాత్రలు రాసింది. పని చేయడానికి కొన్ని వారాలు పడుతుందని చెప్పింది. ఆ వారాలు ఎలా గడపాలి? అక్క చూపు అక్షరాల మీద నిలిచేది కాదు. బైబిలు నా ఒళ్లో పెట్టి కీర్తనలు చదవమంది. వార్తలు చదివినట్టు చదివాను. ఒక చోట ఆగాను. అక్కడ భక్తుడు దేవుణ్ణి పొగడటం లేదు. ఇంకెంతకాలం నన్ను మరిచిపోతావని నిలదీస్తున్నాడు. అక్క ఇటు తిరిగింది. "ఇంగోసారి సదువు" అంది. చదివాను. "దేవుడితో ఇట్లా కొట్లాడొచ్చా? నాకెవురూ చెప్పలేదే" అంటూ ఏడ్చింది. నెలల తర్వాత మొదటిసారి ఏడ్చింది. ఏడ్చి, దోసెల్లోకి చెనక్కాయల ఊరిబిండి కావాలని అడిగింది.

బోధకుడు విశ్వాసలోపమన్నదాన్ని ఆ గ్రంథమే ప్రార్థన అంది. మాత్ర ఆమెను లేపిందా, కీర్తన లేపిందా? నాకు తెలియదు. రెండూ ఆమె దిండు పక్కనే ఉండేవి. నా వ్యాసాలు మాత్రం లేవు. ఈ వాక్యం రాయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. దేవుడున్నాడని నేను ఇప్పటికీ అనను. కానీ ఆ మాటలు నా అక్క చీకట్లోకి దిగి ఆమె పక్కన కూర్చున్నాయి. నేను దిగలేకపోయాను. కళ్లతో చూసినదాన్ని కాదనడం హేతువాదం కాదు.

ఒక పొద్దున మిషను చప్పుడుకు లేచాను. అక్క పాడుతూ కుడుతోంది. శ్రుతి లేదు. ఎప్పుడూ లేదు.

అప్పటినుంచి ప్రతి కొత్త సంవత్సరం ఆమె చర్చిలో లేచి నిలబడి, దేవుడు తనకు ఎలా మేలు చేశాడో సాక్ష్యం చెబుతుంది. కార్డు కథ చెబుతుంది. తన మాత్రల పేరు కూడా చెబుతుంది. విని, దిగులుపడ్డ ఆడవాళ్లు ఆమెను వెతుక్కుంటూ వస్తారు. వాళ్లను బస్సెక్కించి తిరుపతికి తీసుకెళ్తుంది, దారంతా నవ్విస్తూ. నేను వెనక బెంచీలో కూర్చుని చప్పట్లు కొట్టేవాణ్ణి. నా దొంగ పావురం ఎగురుతూనే ఉంది.

మొన్న చెప్పేశాను. మిషను ఆగింది.

"ఆ వాక్యం నువ్వు పుట్టించినావా?"

"లేదక్కా, బైబిల్లోదే."

"మరి నాకని వచ్చింది యాడుండాది?"

"కాల్చేసినా."

"ఏమని ఉండింది దాంట్లో?"

"సదవలేదు."

అక్క చేతిలోని గుడ్డ పక్కన పెట్టింది. తర్వాత పడీపడీ నవ్వింది. కళ్లు తుడుచుకుంది. "సదవండి, సదవండి అని ఊరికంతా రాస్తావు గదరా. సదవకుండానే కాల్చినావా?"

క్షమించమన్నాను. నవ్వు ఆపింది. "అది నాది. నాకని వచ్చింది. దాన్ని తెచ్చియ్యి, అప్పుడు సూస్తాం." మళ్లీ మిషను తొక్కింది. పాట అందుకుంది. క్షమించానని అనలేదు. ఇంతవరకూ అనలేదు.

తెచ్చివ్వలేను. అయినా ఆమె శ్రుతి లేని పాట వింటూ ఆ గుమ్మంలో చాలాసేపు కూర్చున్నాను. ఇన్నేళ్లలో మొదటిసారి ఆమె నవ్వు నన్ను గుచ్చలేదు.

ఇక మీరు. మీ ఇంట్లో ఎవరైనా గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నారా? ఈ కాగితం పక్కన పెట్టండి. వాళ్ల చేతిలో బైబిలుంటే లాక్కోకండి. మాత్ర ఉంటే పారేయకండి. దారం విప్పి, వాళ్లకు కావలసింది ఏమిటో ముందు చదవండి. పక్కన కూర్చుని వాళ్లకూ చదివిపెట్టండి. రేపు పొద్దున బస్సుకు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. లేవండి, దువ్వెన వెతికి వాళ్ల చేతికివ్వండి.