క్యాట్‌బర్డ్ పాడిన కీర్తన

దయ్యాలు, ఆత్మలు, కలలోకి వచ్చి కబుర్లు చెప్పే చనిపోయినవాళ్ళు, వీటిలో ఒక్కదాన్నీ నేను నమ్మను. మా తెలుగు చర్చిలో ఎవరైనా లేచి అలాంటి సాక్ష్యం మొదలుపెడితే కాఫీ వంకతో బయటికి జారుకునే రకాన్ని. పైగా నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఏ తప్పయినా రెండోసారి చేసి చూపిస్తేనే ఒప్పుకుంటాను. ఆ లెక్కన ఇప్పుడు చెప్పబోయేదాన్ని ముందు నేనే కొట్టిపారేయాలి. అది చేతకాకే ఈ చిరాకంతా.

ముందు మా ఆయన సంగతి చెప్పాలి. పేరు విజయ్, ఇక్కడ అమెరికాలో నోవై అనే ఊళ్ళో ఒక కార్ల కంపెనీలో ఇంజినీరు. సంబంధం చూసేటప్పుడు మావాళ్ళతో అందరూ చెప్పిన మాట ఒక్కటే, కుర్రాడు అద్భుతంగా పాడతాడని. పాలకొల్లు దగ్గర ఒక ఊళ్ళో మా మామగారు పాస్టర్. ఇద్దరు కొడుకులూ కలిసి పాట ఎత్తుకుంటే రోడ్డు మీద వెళ్ళేవాళ్ళు సైకిల్ దిగి వినేవారట.

నేను మాత్రం ఆ గొంతు వినలేదు. తమ్ముడు సునీల్ మా పెళ్ళికి ముందే, ఇంటర్ చదువుతుండగా, కామెర్లతో పోయాడు. భూస్థాపన రోజు పాట ఎత్తుకోమంటే ఈయనకి నోరు పెగల్లేదట. ఆ తర్వాత మళ్ళీ పాడింది లేదు. చర్చిలో పాటల పుస్తకం తెరిచి పట్టుకుని, పెదాలు బిగించుకుని నిలబడతారు. తమ్ముడి పేరెత్తితే గ్యారేజీలోకి వెళ్ళిపోతారు. పెళ్ళయిన కొత్తలో బతిమాలాను. తర్వాత అలిగాను. తర్వాత అడగడం మానేశాను గానీ ఆ బాధ పోలేదు. కట్టుకున్న మనిషిలో సగం నాకు తెలియకుండానే ముసలితనం వచ్చేస్తుందేమోనని నా భయం.

అమ్మాయి కాలేజీకి వెళ్ళిపోయాక ఈయనకి పక్షుల పిచ్చి పట్టుకుంది. పోయిన ఏడాది మే నెలలో ఎరీ సరస్సు ఒడ్డున మోటెల్ బుక్ చేశారు. వలస పక్షులు సరస్సు దాటే ముందు అక్కడి చెట్ల మీద ఆగుతాయట. హాయిగా రిలాక్స్ అవుదాం అన్నారు. తెల్లవారకముందే లేవడం, దోమలు కుట్టించుకోవడం, చెక్కబాట మీద మోచేతులు తగిలే జనంలో మెడ నొప్పి పుట్టేదాకా పైకి చూడటం, ఇదీ ఆ రిలాక్స్. నోరు విప్పితే పక్కవాళ్ళు వేలు పెదాల మీద పెడతారు. అసలే మాట్లాడని మనిషికి లైసెన్స్ కూడా దొరికింది. ఇక నా బైనాక్యులర్స్‌లో ఆకులు తప్ప ఏమీ కనిపించవు.

రెండో రోజు పొద్దున్న విసుగొచ్చి ఒక బెంచీ మీద కూలబడ్డాను. ఆయన నన్ను పట్టించుకోకుండా ముందుకు వెళ్ళిపోయారు. నా పక్కన ఒక అమెరికన్ పెద్దావిడ ఫ్లాస్కులోంచి టీ పోసుకుంటోంది. ఎదురుగా గుబురుగా ఒక పొద. అందులోంచి పిల్లి అరిచినట్టు ఒక అరుపు, వెంటనే ఏవో ఈలలు, కిచకిచలు. ఆ తర్వాత ఒక కీర్తన.

ఏదో కాస్త అలా అనిపించడం కాదు. మా కోస్తా చర్చిల్లో చిన్నపిల్లలకి కూడా నోటికి వచ్చిన పాత కీర్తన. పల్లవి వరస మొత్తం, సన్నటి ఈలలో, తాపీగా. ఆఖరి చోట స్వరం కిందికి దిగాలి. దిగలేదు. చటుక్కున పైకి లేచి ఆగిపోయింది. నిజం చెప్పాలంటే నాకు భయం వేయలేదు, ఒళ్ళు మండింది. అంతా బాగానే లాక్కొచ్చి చివర్లో చెడగొట్టింది కదా అని.

కాసేపటికి మళ్ళీ అదే వరస, చివర మళ్ళీ అదే తప్పు. పక్కావిడ నవ్వి, "క్యాట్‌బర్డ్, హనీ. ఏది వింటే అది కాపీ కొడుతుంది," అంది. అంటే ఆవిడకీ వినిపించిందన్నమాట. బ్యాగులోంచి ఫోన్ తీసి రికార్డింగ్ నొక్కేసరికి పొద మూగబోయింది.

మధ్యాహ్నం పార్కింగ్ లాట్‌లో పులిహోర తింటూ ఆయన దగ్గర ఫిర్యాదు చేశాను. మీ పక్షులకి పాట కూడా సరిగ్గా రాదండీ అని, చివరి తప్పుతో సహా కూనిరాగం తీసి చూపించాను. ఆయన చేతిలో స్పూన్ ఆగిపోయింది. మళ్ళీ పాడమన్నారు. పాడాను.

"ఆ చివర నీకెవరు చెప్పారు?"

"ఎవరు చెబుతారండీ? పక్షి పాడిందంటుంటే!"

"అమ్మనడిగావు కదూ. నాతో పాడించడానికి ఇంత నాటకం ఎందుకు సుజీ?"

అంత మాట అనేసరికి నేనూ ఊరుకోలేదు. అక్కడే, కారు డిక్కీ దగ్గర, ఇన్నేళ్ళదీ కలిపి దులిపేశాను. ఆయన ఆ పొద ఎక్కడో మాత్రం అడిగి, దాని దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు. మెడలో బైనాక్యులర్స్ ఉన్నా కళ్ళకి పెట్టుకోలేదు. చీకటి పడేదాకా అలాగే వింటూ ఉన్నారు. పిల్లి కూతలు తప్ప ఏమీ రాలేదు. మర్నాడు సన్నగా వాన పడుతున్నా వెళ్ళాం. బూడిదరంగు పిట్ట ఒకటి మా ఎదురుగానే కొమ్మ మీద వాలింది, నోరంతా తెరిచింది, మ్యావుమంది. దాని మీద నాకొచ్చిన కోపం అంతా ఇంతా కాదు. వినాల్సింది ఆయన కదా, నాకెందుకు వినిపించాలి?

తిరిగి వచ్చేటప్పుడు హైవే మీద, కళ్ళు రోడ్డు మీదనుంచి తిప్పకుండా, ఆయన వాళ్ళ తమ్ముడి పేరు ఎత్తారు.

"సునీల్‌గాడు ఆ చివర ఎప్పుడూ కిందికి దిగేవాడు కాదు. పైకి ఎత్తేసేవాడు. నాన్నగారు ప్రతి ఆదివారం తిట్టేవారు. వాడు నవ్వేవాడు."

నేను కిటికీలోంచి బయటికి చూస్తూ ఏడ్చాను.

ఇంటికి వచ్చాక నా ఉద్యోగం నేను చేశాను. అత్తయ్యగారికి ఫోన్ చేస్తే, ఆ సంగతి నేనెవరికీ చెప్పలేదమ్మా అన్నారు. ఆ ఇంట్లో టేప్ రికార్డర్ లేదు, సునీల్ గొంతు ఎక్కడా రికార్డు కాలేదు. అతను అమెరికా రాలేదు. ఈయన నిద్రలో పాడతారేమో అనుకున్నాను, గురక తప్ప ఏమీ లేదు. క్యాట్‌బర్డ్ మిగతా పక్షుల్ని అనుకరిస్తుందని చదివాను, సరే. కానీ అది ఎవరి దగ్గర నేర్చుకుంది? ఆ దారిన ఏ తెలుగువాళ్ళో పాడుకుంటూ వెళ్ళి ఉంటారనుకున్నా, వాళ్ళు సరిగ్గా అక్కడే తప్పాలి కదా. ఈ ఏడాది మేలో పట్టుబట్టి నేనే ఆయన్ని మళ్ళీ తీసుకెళ్ళాను. పొద అక్కడే ఉంది. పక్షులు వచ్చాయి. పాట రాలేదు. నా దగ్గర ఏ సమాధానమూ లేదు, వెతికీ వెతికీ విసిగిపోయాను.

మొన్న ఆదివారం చర్చిలో ఆ కీర్తనే ఎత్తుకున్నారు. నేను అలవాటుగా పక్కకి చూడకుండా పాడుతున్నాను. రెండో లైనులో నా పక్కనుంచి ఒక మగ గొంతు వచ్చింది, తుప్పు పట్టినట్టు, కొంచెం వణుకుతూ. నేను పాడటం ఆపేశాను. పల్లవి చివర చర్చి మొత్తం కిందికి దిగింది. మా ఆయన ఒక్కరే పైకి వెళ్ళారు. ముందు వరసలోవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. ఆయన నవ్వుతున్నారు.