మాబున్నీ అత్త నేర్పిన ఈత

మాఘమాసం పొద్దున స్కూటరు మీద బుక్కరాయసముద్రం చెరువు పక్కగా పోతుంటే చలిగాలితో పాటు పచ్చి నాచు వాసన ముక్కుకు తగులుతుంది. వెంటనే నా భుజాలు ముడుచుకుంటాయి. ఏడో తరగతిలో ఉన్నప్పుడు మాబున్నీ అత్త నన్ను మొదటిసారి నీళ్లలోకి దింపిన ఉదయం ఇన్నేళ్లైనా ఒంటికి గుర్తుంది.

మాది గార్లదిన్నె దగ్గర ఇంకో చెరువును ఆనుకున్న చిన్న ఊరు. మా వీధి చివర మాబున్నీ అత్త బట్టలు కుట్టేది. మా నాయన ఆమెను అక్కా అని పిలిచేవాడు కాబట్టి నాకు అత్త అయింది. నా చిన్నతనమంతా ఆ చెరువు ఎండే ఉంది. అందులో గొర్రెలు మేసేవి, ఇటుకల కోసం మట్టి తవ్వుకుపోయేవాళ్లు. ఆ ఏడాది కాలువ నీళ్లు వదిలితే నిండింది. చలికాలం చివరికల్లా కట్ట మీద చేపల అమ్మకాలు, నీళ్ల మీద ఎక్కడి నుంచో వచ్చిన బాతులు. ఊరు చూసి చూసి తనివి తీరక కట్ట మీదే కూర్చునేది. కానీ అత్త ఈడు వాళ్లు కొందరు ఈత నేర్చుకున్న బావులు ఎండిపోయి చాలా కాలమైంది. మా ఈడు వాళ్లలో ఈత వచ్చినవాళ్లు ఒక్కరూ లేరు.

ఒకరోజు కంబళ్లు ఉతకడానికి దిగిన మా ఊరి లక్షుమ్మ, మట్టి తవ్విన గుంతలోకి జారిపోయింది. గట్టున ఉన్న ఆడవాళ్లు కేకలు వేయడం తప్ప ఏమీ చేయలేకపోయారు. ఆ కేకలు విని పరుగెత్తుకొచ్చిన మాబున్నీ అత్త దూకి ఆమెను బయటికి తెచ్చింది. అప్పటికే ప్రాణం పోయింది.

దినాలు ముగిసిన మర్నాడే అత్త మా ఇంటికొచ్చింది. “ఏమప్పా, నీ కూతుర్ని రేపట్నుంచి పంపీ. ఈత నేర్పిస్తా.”

“ఆడపిల్లకు ఈతెందుకక్కా? చెరువు తట్టు పోవద్దని చెప్పినాం కదా,” అన్నాడు నాయన.

“లక్షుమ్మ ఆడుకోనీక పోయిందా? బట్టలుతకనీక పోయింది. రేపు ఈ పిల్ల కూడా ఆడికే పోవల్ల.”

నాయన తువ్వాలు భుజాన వేసుకుని బయటికి పోయాడు. అమ్మ పంపించింది.

ఆడపిల్లలం నలుగురం చేరాం. మిగిలిన గుడ్డముక్కలతో అత్త మాకు మోకాళ్ల దాకా లాగులు కుట్టి, ఖాళీ నూనె క్యాన్లు వీపుకు కట్టింది. ఈ వయసులో ఇదేం పని అని ఆమె మరిది మాట్లాడటం మానేశాడు. ఆమె అదీ పట్టించుకోలేదు. చలి తగ్గాక దిగుతామని మేం గునిస్తే, “చలి పోయేదాకా నీళ్లు మీకోసం కాచుకోనుంటాయా?” అని ముందు తాను దిగేది. ఒడ్డున ఎప్పుడూ ఒక పాత చీర మెలేసి పెట్టేది. “మునిగేటోళ్ల దగ్గరికి పోవాకండి. చీర ఇసరండి,” అని రోజూ చెప్పేది.

శివరాత్రి ఇంకా రాలేదు. ఒక ఉదయం లోతులో ఆమె పిక్క పట్టేసింది. తల మునిగింది, తేలింది, మళ్లీ మునిగింది. మేం కొయ్యబారిపోయాం. అందరికన్నా చిన్నది రత్న, అదే ముందు తేరుకుని చీర విసిరింది. అత్త కొస అందుకుంది. నలుగురం నీళ్లలోకి దిగి లాగాం. ఒడ్డున పడి దగ్గుతూ, పళ్లు టకటకలాడుతుంటే ఆమె అన్న మొదటి మాట, “మీరెందుకు దిగినారే? గట్టున నిలబడి లాగమని చెప్పలేదా?” తర్వాత మమ్మల్ని దగ్గరికి లాక్కుని ఏడ్చింది.

సాయంత్రం మా నాయనలంతా ఆమె గడప ముందు చేరారు. “ఇంక చాలక్కా. నీకే దిక్కు లేకపాయె, పిల్లోళ్ల గతేంది?” అన్నాడు నాయన.

దుప్పటి కప్పుకునే ఆమె బయటికొచ్చింది. “నన్ను బయటికి తీసింది ఎవరప్పా?”

దుప్పటి కొస భుజం మీదికి లాక్కుంది.

“మీ బిడ్డలే. లక్షుమ్మ పోయినప్పుడు గట్టున ఇంతకన్నా ఎక్కువ మందే ఉండిరి.”

మర్నాడు నాయన తానే చెరువుకొచ్చాడు. భుజాల మీద మా చెల్లెలు.

కొన్నేళ్లకు చెరువు మళ్లీ ఎండింది. చివరిసారి చూసినప్పుడు అత్త మంచం మీద ఉంది. నా బాగోగులు అడక్కముందే, “నీ కూతురికి ఈత వచ్చునా?” అంది.

“యాడ అత్తా, చెరువులో చుక్క నీళ్లు లేవు.”

“నీళ్లు లేనప్పుడే నేర్పల్ల. వచ్చినాక నేర్చుకునేంత టైం యాడుంటాది?”

నిరుడు ఆమె పోయింది. ఈ చలికాలం నుంచి ఆదివారాలు నా కూతుర్ని టౌనులో ఈతకొలనుకు తీసుకుపోతున్నాను. మిగతా అమ్మలు కుర్చీల్లో కూర్చుంటారు. నేను పాపతో పాటు దిగుతాను. మొదటిరోజు మెట్ల మీద వణుకుతూ, “నీకెవరు నేర్పించినారమ్మా?” అని అడిగింది. గొంతు సవరించుకుని, మాబున్నీ అత్త అని ఒకామె ఉండేది అని మొదలుపెట్టాను.

“కథ తర్వాత చెప్పుదువులే,” అంది, చేతులు చాపి నీళ్లలోకి వస్తూ. “ముందు నేర్పియ్యి.”