ఓడదొరకు సీసాడు సముద్రం

ఎనభైల మొదట్లో నేను సరుకు ఓడలో పనిచేసేవాణ్ణి. ఒక తుఫానులో పక్కనున్న మనిషి అలకు కొట్టుకుపోవడం కళ్లారా చూశాను. సెలవుకు చిత్తూరు వచ్చాక మళ్లీ ఓడెక్కాలంటే కాళ్లు రాలేదు. వారంలో మద్రాసు రేవులో ఉండాలి. వెళ్లాలా, మానాలా? ఇంట్లో చెప్పుకోలేని భయం. అప్పుడే, పాతకాలపు ఇంగ్లీషు ఓడ కెప్టెన్ ఒకాయన సమాధి పలమనేరులో ఉందని విన్నాను. సముద్రం మనిషికి కొండమీద ఏం పనో చూద్దామని బయలుదేరాను.

చిత్తూరులో పొద్దున ఆరున్నరకు ఎర్రబస్సు ఎక్కాను. టికెట్టు నాలుగు రూపాయల లోపే. బంగారుపాళ్యం దాకా మామిడితోపులే, మొగిలి ఘాటు రోడ్డు ఎక్కగానే చల్లగాలి తగిలింది. కండక్టరును అడిగితే, "ఓడదొర గోరీనా? పాలకేంద్రం కాడ దిగప్పా. ఆ పక్కింట్లో అవ్వ సూపిస్తాది" అన్నాడు.

అవ్వ ఆవు పాలు పితుకుతోంది. ఆమె అత్తింటి పెద్దలు దొరకు పాలు పోసినవాళ్లట. చెంబు పక్కన పెట్టి, ఇంటి వెనక చేలోకి తీసుకెళ్లింది. రాతి మీద లంగరు బొమ్మ, కింద ఇంగ్లీషులో ఆయన బతుకంతా చెక్కి ఉంది. అవ్వకు తెలుగులో చెప్పాను. పన్నెండేళ్లకే ఓడలో పనికి కుదిరాడు, తెరచాపలు కట్టాడు, కెప్టెనయ్యాడు. ముప్పై ఏళ్లు లండన్ నుంచి ఇనుము తెచ్చి, మద్రాసు నుంచి నీలిమందు, గుడ్డలు తీసుకెళ్లాడు.

"ఈడికెందుకొచ్చినాడో రాయలేదా?" అంది అవ్వ.

"లేదవ్వా."

"మద్రాసు కాడ గాలివానకి ఓడ మునిగిపోయిందంట. అందురూ పోయినారు, ఈయప్ప మిగిలినాడు. ఇంక సముద్రం మొగం సూడనని కొండెక్కినాడు."

లంగరు బొమ్మ మీద చెయ్యి పెట్టి అడిగాను, "ఇక్కడ సుఖంగా ఉన్నాడా?"

"యాడ సుఖం నాయనా! దినామూ సాయంత్రం తూరుపుకు, సముద్రం దిక్కుకు కుర్చీ ఏసుకోని కూసునేవాడంట. పోయేముందర, సముద్రం నీళ్లు తెచ్చి కాళ్ల మీద పొయ్యమన్యాడు. తెచ్చేలోగా పాణం పోయింది. అప్పట్నుంచి మా ఇంట్లో ఎవురు మద్రాసు పోయినా సీసాడు తెచ్చి ఈడ పోస్తారు. ఈమద్దె పోయేవాళ్లే లేరు. నువ్వు పోతావా?"

"వచ్చే వారం పోతున్నానవ్వా" అనేశాను. అన్నాక నాకే ఆశ్చర్యమేసింది. అవ్వ ఇంట్లోకి వెళ్లి, కడిగిన సీసా ఒకటి తెచ్చి చేతిలో పెట్టింది.

తిరుగు బస్సులో సీసా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. భయం పోలేదు, ఈనాటికీ పోలేదు. కానీ ఆ కుర్చీలో నేనూ కూర్చోవడం ఇష్టంలేక ఓడెక్కాను. తిరిగొచ్చాక మద్రాసు తీరంలో సీసా నింపుకుని నేరుగా పలమనేరు వెళ్లాను. మీరూ వెళ్లేటట్లయితే ఒక్క సంగతి: సీసాకు మూత గట్టిగా బిగించండి, ఘాటు మలుపుల్లో నీళ్లు ఒలికిపోతాయి. నాకు సగమే మిగిలాయి. మొహం చిన్నబుచ్చుకుని చూపిస్తే, అవ్వ నవ్వి సీసా అందుకుంది.

"సాల్లే నాయనా, కాళ్లకే గదా."