దోమతెర బయట మా అత్తగారు

మా అత్తగారు పోయారని మా ఆయన ఫోన్ చేసినప్పుడు నేను గుంటూరులో మా అమ్మాయి దగ్గర ఉన్నాను. పొద్దున టీ తాగి, గ్లాసు కింద పెట్టి, గోడకి ఆనుకున్నారట. అంతే. ఎనభై దాటిన మనిషి, మంచం పట్టకుండా వెళ్ళిపోయారని అందరూ అన్నారు. తల్లీకూతుళ్ళం కారులో బయల్దేరాం. ప్రత్తిపాడు దాటేదాకా నాకు ఏడుపు రాలేదు. మిరప చేలు కనిపించాక మాత్రం ఆగలేదు.

ఆవిడ మా ఊరి హైస్కూల్లో సైన్సు టీచరు. నేను కోడలిగా వచ్చేనాటికి ఇంకా ఉద్యోగంలోనే ఉన్నారు. సందె పడేసరికి ఇంట్లో కిటికీలన్నీ మూసేవారు. నాకు కడుపని తెలిసిన దగ్గర్నుంచి ఆ ఇల్లు నాకు జైలే అయింది. దీపాలు పెట్టే వేళకి దోమతెరలోకి పంపితే మళ్ళీ ఎండొచ్చాకే బయటికి రానిచ్చేవారు. అన్నం కూడా తెర ఎత్తి లోపలికే అందించేవారు. కళ్ళంలో ఎండే మిరపకాయల ఘాటు, మూసిన గదిలో ఉక్క, ఒంటికి అంటుకుపోయే చీర. వాకిట్లో ఆడవాళ్ళ నవ్వులు వినపడుతుంటే నాకు ఒళ్ళు మండిపోయేది. పుట్టింటికి పంపమని అడిగాను.

"మీ ఊళ్ళో దోమలకి సెలవిచ్చారా?" అన్నారు.

ఇక డ్రమ్ముల గొడవ వేరే. మా వైపు కాలువ నీళ్ళు వంతుల ప్రకారం వస్తాయి. వచ్చినప్పుడే మిరపకి, పత్తికి మందు కలపడానికని గట్ల మీద డ్రమ్ములు నింపి పెట్టుకుంటారు. మందు కొట్టేదాకా ఆ నీళ్ళు అలాగే నిలవుంటాయి. మా చేను ఇంటి వెనకే. మా మామగారి దృష్టిలో దోమలు పుట్టేది మురుగుకాలువలోనే. పత్తికి కొట్టగా మిగిలిన మందు తెచ్చి ఆ మురుగులో చల్లి చేతులు దులుపుకునేవారు. ఊరంతా అదే చేసేది.

"మురుగులో పుట్టేది వేరేదండీ. మలేరియా తెచ్చేది తేటనీళ్ళు చూసుకుని గుడ్లు పెడుద్ది. మీరు దానికి పురుటిగది కట్టించి పెట్టారు. మీ పత్తి మందుకి అవి ఎప్పుడో అలవాటు పడిపోయినయ్" అనేవారు అత్తగారు.

"అయితే నీళ్ళు పారబోయమంటావా? మళ్ళీ వంతు ఎప్పుడొచ్చిద్దో నీకు తెలుసా?" అని ఆయన.

పారబోయమని ఆవిడా అనలేదు, రైతు ఇంటి మనిషి కదా. బడి నుంచి రాగానే పాత నేతచీరలు చించి డ్రమ్ముల మూతులకి బిగించి తాడు కట్టేవారు. పక్క చేలవాళ్ళ డ్రమ్ములకి కూడా కట్టేవారు. వాళ్ళు విప్పేసేవారు, ఈవిడ మళ్ళీ కట్టేవారు. ఒకసారి నన్ను వెంటబెట్టుకెళ్ళి గ్లాసుతో నీళ్ళు ముంచి చూపించారు. సన్నటి పురుగులు నీటి పైన అడ్డంగా పడుకుని ఉన్నాయి. "తలకిందులుగా వేలాడితే వేరే జాతి. ఇట్టా పడుకుందంటే ఇదే" అన్నారు, క్లాసులో చెప్పినట్టు.

ఒక సాయంత్రం నాకు ఓపిక నశించి తెర లాగిపడేసి బయటికొచ్చాను. ఊపిరాడట్లేదని అరిచాను. ఆవిడ కోప్పడలేదు. పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"అమ్మాయ్, మగదోమ మన జోలికి రాదు. చెట్ల రసం తాగి బతుకుద్ది. ఆడదీ అట్టాగే బతకగలదు, గుడ్లకి మాత్రం నెత్తురు కావాలి. తాగి, బరువెక్కి, అరిగేదాకా గోడ మీద కూర్చునిద్ది, మలేరియాదైతే వెనక భాగం పైకెత్తి. తర్వాత నీళ్ళ దగ్గరికి పోయి గుడ్లు పెట్టి, మళ్ళీ నెత్తురుకి వచ్చిద్ది. దానికి వేరే దారి లేదు. కడుపుతో ఉన్నదాని ఒళ్ళు వెచ్చగా ఉండిద్ది. అందుకని నిన్నే వెతుక్కుంటా వచ్చిద్ది."

నేను లాగిపడేసిన తెర దులుపుతూ అన్నారు. "నా తొలిచూలు ఈ మలేరియా జ్వరానికే పోయింది. ఇవన్నీ నాకు అప్పుడూ తెలుసు. సందేళ కిటికీ మూస్తే లక్ష్మి రాదని మా అత్త ముయ్యనిచ్చేది కాదు. కోడల్ని, ఏం చెయ్యను?"

నేను లేచి తెర మళ్ళీ కట్టుకుని లోపలికి వెళ్ళాను. అప్పట్నుంచి ఆవిడ రోజూ తెర బయట స్టూలు వేసుకుని, పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ నాకు తోడు కూర్చునేవారు. మధ్యమధ్యలో కాళ్ళ మీద చరుచుకునేవారు.

"మీరూ లోపలికి రండి అత్తయ్యా" అన్నాను.

"నన్ను కుడితే కుట్టనీలే. నాకింక పుట్టేవాళ్ళెవరున్నారు?" అన్నారు, పేపర్లోంచి తలెత్తకుండానే.

మిరపకాయ కోతల్లో మా అమ్మాయి పుట్టింది. ఆవిడ మీద కోపం మాత్రం చాలాకాలం పోలేదు. మేలు చేసినవాళ్ళ మీద కోపం ఉండకూడదంటారు గానీ, ఆ ఉక్కలో నెలల తరబడి కూర్చున్నది నేను. ప్రేమ మెల్లగా వచ్చింది. వచ్చాక ఇక పోలేదు.

మేం వెళ్ళేసరికి ఆవిడని అద్దాల ఫ్రీజర్ పెట్టెలో ఉంచారు. దూరం నుంచి రావాల్సినవాళ్ళ కోసం మర్నాటిదాకా ఆపారు. సందె పడింది. వచ్చేపోయేవాళ్ళతో తలుపులూ కిటికీలూ అన్నీ తెరిచే ఉన్నాయి. మా అమ్మాయికి ఇప్పుడు ఐదో నెల. చావింటికి రావద్దన్నా వినలేదు.

"లోపలికెళ్ళి తలుపేసుకో అమ్మా" అన్నాను.

"ఉండమ్మా, నాయనమ్మ దగ్గర కాసేపు కూర్చోనీ" అంది.

అద్దం మీద, సరిగ్గా ఆవిడ మొహానికి పైన, ఒక దోమ వాలింది. వెనక భాగం పైకెత్తి నిలబడింది. చల్లదనానికి కాబోలు, లేచి మా అమ్మాయి వైపు తిరిగింది. నేను జరిగి పెట్టెకీ మా అమ్మాయికీ మధ్యలో కూర్చున్నాను. అది నా ముంజేతి మీద వాలింది. నేను చెయ్యి కదపలేదు.